నెట్ నత్తనడక, కంప్యూటర్లు ఆరు: అప్‌డేట్లు ఎలా చేసుకోవాలి?

నత్తనడక | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఓ చిన్న గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. మొత్తం ఆరున్నాయి. ఐదింట్లో విండోస్ 11, ఆరోదాంట్లో లినక్స్ మింట్. అన్నిటికీ కలిపి నెట్ కనెక్షన్ ఒక్కటే, స్పీడు 1 ఎంబీపీఎస్. అదీ బాగున్న రోజు మాట.

నెలకోసారి అప్‌డేట్లు వచ్చాయంటే ఆ వారం ఇక్కడ ఒక్క వెబ్ పేజీ కూడా సరిగ్గా తెరుచుకోదు. ఐదు మెషీన్లూ మాట్లాడుకున్నట్టు ఒక్కసారే డౌన్‌లోడ్ మొదలుపెడతాయి. చదువుకోవడానికి వచ్చినవాళ్లు నా మొహం చూస్తారు, నేను మోడెమ్ మీది లైట్ల వంక చూస్తాను. నిన్న ఒక మెషీన్ ముందు పట్టుబట్టి కూర్చున్నాను. 87 శాతం దాకా వచ్చాక నెట్ పోయింది. తిరిగొచ్చాక 'మళ్లీ ప్రయత్నించండి' అన్న బటన్ కనబడింది. నొక్కితే 0 నుంచి మొదలు!

నా లెక్కలో 3 జీబీ అంటే 3000 ఎంబీ. స్పీడు 1 కాబట్టి 3000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. మరి రాత్రంతా ఉంచినా ఎందుకు అవట్లేదు? వేగమైన నెట్ పెట్టించుకునే వీలు ఇప్పట్లో లేదు కాబట్టి ఆ సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి.

బిట్టుబైటు | సోమవారం, రాత్రి 9:40

ముందు లెక్క సరిచేద్దాం సార్. కనెక్షన్ స్పీడును బిట్లలో చెబుతారు, ఫైల్ సైజును బైట్లలో. బైటుకు 8 బిట్లు. 1 ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక ఎంబీ కాదు, మహా అయితే 125 కేబీ. 3 జీబీకి 24,000 సెకన్లు, అంటే 6 గంటల 40 నిమిషాలు. అదీ ఒక్క మెషీన్ మాత్రమే లైను వాడుతూ, మధ్యలో ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే.

మీవి ఐదూ ఒకేసారి లాగుతున్నాయి కాబట్టి ఒక్కోదానికి దక్కేది ఐదో వంతు. అందరిదీ అయ్యేసరికి 33 గంటలు దాటుతుంది. మీ రాత్రి అంత పొడుగు ఉండదు కదా.

ఎందుకొచ్చినగొడవ | సోమవారం, రాత్రి 10:05

అన్నా, ఇంత బాధ దేనికి? నేను మూడేళ్ల కిందట అప్‌డేట్ సర్వీసు ఆపేశాను. మెషీన్ భేషుగ్గా నడుస్తోంది. పడుకున్న పామును లేపడం ఎందుకు?

పాతకీబోర్డు | సోమవారం, రాత్రి 10:31

తమ్ముడూ, మీ ఒక్కరి మెషీన్ అయితే మీ ఇష్టం. రోజుకు ఎంతోమంది వచ్చి తలో పెన్‌డ్రైవ్ గుచ్చే చోట ఆ మాట కుదరదు.

వన్నాక్రై వైరస్ గుర్తుందా? 2017 మే 12న మొదలై ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలేసి డబ్బులడిగింది. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది అదే ఏడాది మార్చి 14న. అంటే దాదాపు రెండు నెలల ముందే మందు చేతిలో ఉంది, వేసుకోనివాళ్లే ఎక్కువగా పడ్డారు. పైగా అది ఒక మెషీన్‌లో పడితే అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క మెషీన్లను తనంతట తానే వెతుక్కుంటూ పోయింది. నెట్ నెమ్మదిగా ఉంది కదా అని జాలిపడే రకం కాదది.

రాత్రిపిట్ట | సోమవారం, రాత్రి 11:48

నత్తనడక గారూ, ముందు ఈ రాత్రికి ప్రథమ చికిత్స చెబుతాను, మిగతాది తర్వాత చూద్దాం.

ప్రతి విండోస్ మెషీన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చెయ్యండి. వైఫై అయినా కేబుల్ అయినా ఈ ఆప్షన్ ఉంటుంది. అది పెడితే పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు మిమ్మల్ని అడక్కుండా మొదలవ్వవు. అలాగే విండోస్ అప్‌డేట్ పేజీలో ఐదు వారాల దాకా పాజ్ పెట్టుకోవచ్చు. పాజ్ అంటే వాయిదా మాత్రమే, మాఫీ కాదు.

87 దగ్గర తెగి 0 చూపించడం చూసి గుండె జారి ఉంటుంది. కానీ విండోస్ అప్‌డేట్ ఫైళ్లను ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది, వచ్చిన ముక్కలను మామూలుగా పారెయ్యదు. అంకె 0 నుంచి మొదలైనా చాలాసార్లు కాసేపటికే గబగబా పాత చోటికి ఎక్కేస్తుంది. వెంటనే ఆపేసి రీస్టార్ట్ కొట్టకండి, ఓ అరగంట చూడండి.

సర్వర్_సుబ్బు | మంగళవారం, ఉదయం 7:20

అసలు సంగతికి వద్దాం. ఒకే ఫైల్‌ను ఐదుసార్లు ఆ సన్నటి లైనులో లాగడం దండగ. ఒకసారి తెచ్చుకోండి, ఐదుసార్లు వాడుకోండి.

మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అని ఒక సైటుంది. ప్రతి అప్‌డేట్‌కూ కేబీతో (ఇది కిలోబైటు కాదు) మొదలయ్యే నంబరు ఉంటుంది కదా, అది అక్కడ వెతికితే ఫైల్ నేరుగా దొరుకుతుంది. వేగమైన నెట్ ఉన్న స్నేహితుల దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. విండోస్ 10 కాలం నుంచి నెలవారీ అప్‌డేట్లు ముందువాటిని కలుపుకునే వస్తున్నాయి. ఆరు నెలలు వెనకబడ్డా ఆరు ఫైళ్లు అక్కర్లేదు, తాజాది చాలు.

కాకపోతే విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షను నుంచి చిన్న మెలిక ఉంది. మధ్యమధ్యలో 'చెక్‌పాయింట్' అప్‌డేట్లు పెట్టారు. మొదటిది 2024 సెప్టెంబర్ నాటి కేబీ5043080. మీ మెషీన్‌లో ఉన్న అప్‌డేట్ అంతకంటే పాతదైతే తాజా ఫైల్‌తో పాటు అదీ కావాలి. కేటలాగ్‌లో డౌన్‌లోడ్ నొక్కినప్పుడు రెండు లింకులు కనబడితే ఒకటి చాలనుకుని వదిలేయకండి, రెండూ తీసుకోండి.

ముందుగా ప్రతి మెషీన్‌లో రన్ బాక్సు తెరిచి 'విన్‌వర్' అని కొట్టి, వెర్షను, బిల్డ్ నంబరు కాగితం మీద రాసుకోండి. మెదడులో రాసుకోకండి, అనుభవంతో చెబుతున్నా. కొత్త ప్యాచ్‌లు వచ్చేది ప్రతి నెలా రెండో మంగళవారం. ఆ వారం చివర్లో వెళ్లి తెచ్చుకుంటే చాలు.

నత్తనడక | మంగళవారం, ఉదయం 8:02

సుబ్బు గారూ, ధన్యవాదాలు. వేగమైన నెట్ ఉన్న మిత్రుడు ఒకాయన ఉన్నాడు, వారానికోసారి కలుస్తాను. విన్‌వర్ చూశాను. ఐదూ 24హెచ్2 అనే చూపిస్తున్నాయి, కానీ బిల్డ్ నంబర్లు మూడు రకాలు. ఒకే గదిలో ఉన్నవాటికి ఇంత తేడా ఏంటో!

రాత్రిపిట్ట | మంగళవారం, మధ్యాహ్నం 1:15

సుబ్బు గారి పద్ధతి మంచిదే, కానీ ఆయన చెప్పని సంగతి ఒకటుంది. కేటలాగ్ ఫైల్‌లో అందరికీ కావాల్సిన సరుకంతా ఉంటుంది. అందుకే ఇప్పుడు 24హెచ్2 ఫైళ్లు జీబీల్లోకి వెళ్లిపోయాయి. అదే విండోస్ అప్‌డేట్ తనంతట తాను తెచ్చుకుంటే ఆ మెషీన్‌లో లేని ముక్కలే తెస్తుంది. ప్రతి నెలా చేసుకునే మెషీన్‌కు అది చాలా చిన్నది. ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లు కేటలాగ్ వెంటపడితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

ఐదున్న మీకు మూడో దారి ఉంది. విండోస్ అప్‌డేట్ పేజీలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'డెలివరీ ఆప్టిమైజేషన్' తెరిచి, వేరే పీసీల నుంచి డౌన్‌లోడ్ ఆన్ చేసి, 'నా లోకల్ నెట్‌వర్క్‌లోనివి మాత్రమే' అన్నది ఎంచుకోండి. ఇంటర్నెట్‌లో ఉన్న పరాయి మెషీన్లకూ పంచే ఆప్షన్ పొరపాటున కూడా ముట్టుకోవద్దు, ఉన్న కాస్త లైనూ అటు పోతుంది. ఇప్పుడు రాత్రి ఒక్క మెషీన్‌నే అప్‌డేట్ చెయ్యండి. మర్నాడు మిగతావాటిని ఒక్కోటిగా మొదలుపెడితే అవి చాలా ముక్కలు మొదటి మెషీన్ నుంచే తీసుకుంటాయి. ఆ గదిలోని నెట్‌వర్క్ వేగం వేరు, బయటి లైను వేగం వేరు కదా.

మూడు షరతులు. ఆ పని జరిగేంతసేపు మీటర్డ్ తీసెయ్యాలి. మొదటి మెషీన్ ఆ ముక్కలను మామూలుగా 3 రోజులే దాచుకుంటుంది, కాబట్టి మిగతావి వచ్చే వారం చూసుకుందాంలే అంటే కుదరదు. ర్యామ్ 4 జీబీ కంటే తక్కువున్న మెషీన్‌ను పంచే పనికి నమ్ముకోవద్దు.

సర్వర్_సుబ్బు | మంగళవారం, మధ్యాహ్నం 2:03

ఒప్పుకుంటా. అయితే బిల్డులు మూడు రకాలంటున్నారుగా, ఈ ఒక్కసారికి పెన్‌డ్రైవ్‌తో అన్నిటినీ ఒకే మెట్టు మీదికి తెచ్చి, వచ్చే నెల నుంచి మీ పద్ధతిలో వెళ్తే సరి. డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా నెట్ పూర్తిగా లేకపోతే పనిచెయ్యదు. ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో తెలుసుకోవడానికి అది మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను అడగాలి.

టక్స్‌ప్రియ | మంగళవారం, సాయంత్రం 6:44

ఆరోదాన్ని అందరూ మర్చిపోయారు. మింట్ సంగతి నాకు వదిలేయండి.

మీకు నెట్ అసలు లేకపోవడం కాదు, నెమ్మదిగా ఉందంతే కాబట్టి సగం బాధ లేదు. మింట్‌లో ప్రోగ్రాములను తెచ్చి ఇన్‌స్టాల్ చేసేది ఏపీటీ. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే అది సగం వచ్చిన ఫైల్‌ను 'పార్షియల్' అనే ఫోల్డర్‌లో ఉంచుకుని, తర్వాత అక్కణ్నుంచే అందుకుంటుంది. టెర్మినల్‌లో ఏపీటీ-గెట్ అప్‌గ్రేడ్‌కు 'డౌన్‌లోడ్-ఓన్లీ' తగిలిస్తే రాత్రి ఫైళ్లు మాత్రం తెచ్చి పెడుతుంది, ఇన్‌స్టాల్ పొద్దున మీరు చూసి చేసుకోవచ్చు. 'డీఎల్-లిమిట్' అని ఒక సెట్టింగ్ ఉంది, అందులో 40 అని పెడితే సెకనుకు 40 కేబీ దాటదు. మీ 125లో మిగిలింది చదువుకునేవాళ్లకు.

లైను అస్సలు మొయ్యకపోతే ఏపీటీ-ఆఫ్‌లైన్ వాడండి. మింట్ మెషీన్‌లో దానితో ఒక చిన్న సిగ్నేచర్ ఫైల్ తయారుచేస్తారు. 'నా దగ్గర ఇవి ఉన్నాయి, ఇవి కావాలి' అని రాసిన చీటీ అనుకోండి. ఆ చీటీ పట్టుకుని మీ మిత్రుడి దగ్గరికి వెళ్తే, అక్కడ అదే ప్రోగ్రామ్ కావాల్సినవన్నీ తెచ్చి ఒక జిప్‌లో కడుతుంది. ఆయనది విండోస్ అయినా ఫర్వాలేదు, పైథాన్ ఉంటే చాలు. జిప్ తెచ్చి మింట్‌లో ఇన్‌స్టాల్ అంటే అయిపోయింది. ఒక్కటే జాగ్రత్త: ఏపీటీ-ఆఫ్‌లైన్‌ను ముందే మింట్‌లో వేసుకుని ఉండాలి.

ముందుముందు ఇంకో మింట్ మెషీన్ పెడితే గుర్తుంచుకోండి, ఉత్త 'ఏపీటీ' కమాండుతో ఇన్‌స్టాల్ చేస్తే డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలను పని కాగానే చెరిపేస్తుంది. 'ఏపీటీ-గెట్' అయితే ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఆ ఫైళ్లనే రెండోదానికి మొయ్యొచ్చు. ఈ తేడా తెలియక నేను ఒకే ఫైళ్లను రెండుసార్లు లాగాను, అదీ ఫోన్ డేటాతో.

పాతకీబోర్డు | మంగళవారం, రాత్రి 8:50

ఇదంతా చదువుతుంటే పాత రోజులు గుర్తొస్తున్నాయి. 2004లో విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పూర్తి ఫైల్ 266 ఎంబీ. డయలప్ మోడెమ్ 56 కేబీపీఎస్. అంటే సెకనుకు 7 కేబీ దక్కితే పండగే. 10 గంటల పైచిలుకు పని, ఈలోగా ఎవరైనా ఫోన్ ఎత్తితే కథ మొదటికి. అప్పుడు మైక్రోసాఫ్టే సీడీలు పంపించింది. ఉబుంటు లినక్స్ వాళ్లయితే 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకల్లా ఉచితంగా సీడీలు పోస్టులో పంపారు. ఇప్పుడు నెట్ అందరికీ ఉందన్న ధీమాతో ఆ తలుపులన్నీ మూసేశారు.

సరే, సొద ఆపి రెండు మాటలు. ఒకటి, పెన్‌డ్రైవ్. మందు తెచ్చే సంచిలోనే జబ్బూ రావచ్చు. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ వైరస్ వ్యాపించిన దారుల్లో పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ ఒకటి. ఈ పనికి విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, దాన్ని చదువుకోవడానికి వచ్చినవాళ్ల చేతికి ఇవ్వకండి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఉంది కదా, దాని వైరస్ నిర్వచనాలకు కూడా మైక్రోసాఫ్ట్ సైటులో విడి ఫైల్ ఉంటుంది. అది కూడా అదే ట్రిప్పులో తెచ్చుకుని డబుల్ క్లిక్ చేస్తే చాలు.

రెండు, బ్రౌజర్. నన్నడిగితే విండోస్ కంటే ముందు దాన్ని చూసుకోవాలి, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చేవాళ్లు రోజంతా ఉండేది అందులోనే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండిటికీ సైటులో ముందు కనబడేది చిన్న ఇన్‌స్టాలర్. అది తీసుకెళ్లి నొక్కితే అసలు సరుకు కోసం మళ్లీ నెట్ అడుగుతుంది. 'ఆఫ్‌లైన్' లేదా 'పూర్తి' ఇన్‌స్టాలర్ అని వెతికి తీసుకోండి. ఇంకో సంగతి, ఫైర్‌ఫాక్స్ ఒకటి రెండు వెర్షన్లే వెనకుంటే మారిన భాగమే తెచ్చుకుంటుంది. బాగా వెనకబడితే మొత్తం తెచ్చుకోవాల్సిందే. డేటా మిగుల్చుకుందామని అప్‌డేట్లు ఆపితే చివరికి ఖర్చు ఎక్కువే.

నత్తనడక | శనివారం, రాత్రి 7:33

మిత్రుడి దగ్గర్నుంచి ఫైళ్లు తెచ్చాను. ఎంతో ఉత్సాహంగా మొదటి మెషీన్‌లో డబుల్ క్లిక్ చేస్తే 'ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదు' అంది. రెండో మెషీన్, మూడో మెషీన్, అదే పాట. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు మిత్రుడు ఊళ్లో లేడు, మళ్లీ వచ్చే వారమే. ఫైల్ పాడైందా? నేనేం తప్పు చేశాను?

సర్వర్_సుబ్బు | శనివారం, రాత్రి 7:51

ఫైల్ పేరు పూర్తిగా ఇక్కడ పెట్టండి.

నత్తనడక | శనివారం, రాత్రి 7:58

పెద్ద పేరండీ. విండోస్11.0, కేబీ నంబరు, ఆర్మ్64, అండర్‌స్కోర్, ఆ తర్వాత అర్థంకాని అక్షరాలూ అంకెలూ బారెడు.

సర్వర్_సుబ్బు | శనివారం, రాత్రి 8:06

దొరికింది దొంగ. ఆర్మ్64 అంటే వేరే రకం ప్రాసెసర్ల కోసం. మీవి మామూలు ఇంటెల్ లేదా ఏఎండీ అయితే ఎక్స్64 అని ఉన్నది కావాలి. కేటలాగ్‌లో రెండూ ఒకదాని కిందొకటి అచ్చు కవలల్లా ఉంటాయి. నేనూ ఒకసారి ఇలాగే తెచ్చుకున్నా, ఎవరికీ చెప్పలేదు.

ఈసారి తెచ్చాక ఇంకో పని చెయ్యండి. పేరు చివర అర్థంకాని తోక అన్నారే, ఆ 40 అక్షరాలు ఊరికే పెట్టలేదు. అది ఆ ఫైల్ ఎస్‌హెచ్‌ఏ1 హ్యాష్, అంటే ఫైల్ నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'సర్ట్‌యుటిల్', 'హ్యాష్‌ఫైల్' ఆప్షన్, ఫైల్ పేరు, 'ఎస్‌హెచ్‌ఏ1' కొడితే ఒక వరస వస్తుంది. అది తోకతో అక్షరం పొల్లుపోకుండా కలిస్తే ఫైల్ దారిలో చెడలేదని అర్థం. నలభై అక్షరాలూ చూసే ఓపిక లేకపోతే మొదటి ఆరు, చివరి ఆరు చూడండి, డౌన్‌లోడ్ చెడిందో లేదో తేలడానికి అది చాలు.

ఫైళ్లను పెన్‌డ్రైవ్ నుంచే నడపకుండా సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి, చెక్‌పాయింట్ ఫైల్ కూడా అక్కడే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి విండోస్‌లోనే ఉండే 'డిస్మ్' కమాండుకు యాడ్-ప్యాకేజీ ఆప్షన్‌తో తాజా ఫైల్ దారి ఇస్తే, ముందు కావాల్సినదాన్ని పక్కనుంచి అదే తీసుకుంటుంది.

నత్తనడక | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:20

నాలుగు అయిపోయాయి! ఈసారి ఎక్స్64. హ్యాష్ కలిపి చూశాను, ఒక దాంట్లో తేడా వచ్చింది. మళ్లీ కాపీ చేస్తే కలిసింది. అంటే పెన్‌డ్రైవ్‌ను తొందరపడి పీకేశానన్నమాట. ఒక్కో మెషీన్‌కు అరగంట నుంచి గంట పట్టింది, ఒక్క ఎంబీ కూడా లైను మీద పడలేదు. ఐదోది ఇప్పుడు 30 శాతం దగ్గర తిరుగుతోంది. మింట్‌ది ఏపీటీ-ఆఫ్‌లైన్ జిప్‌తో పొద్దున్నే అయింది. ప్రియ గారికి ప్రత్యేక ధన్యవాదాలు.

ఎందుకొచ్చినగొడవ | ఆదివారం, రాత్రి 9:10

అన్నా, నవ్వకండి. మీ అందరిదీ చదివి విన్‌వర్ కొట్టి చూశాను. నాది విండోస్ 11లో 22హెచ్2 అంటోంది. నత్తనడక గారి ఫైలే తెచ్చి వేస్తే పడుతుందా?

సర్వర్_సుబ్బు | ఆదివారం, రాత్రి 9:25

పడదు. అది 24హెచ్2 వాళ్లది. హోమ్, ప్రో ఎడిషన్లలో 22హెచ్2కి 2024 అక్టోబర్ 8తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. మీరు సర్వీసు ఆన్‌లో ఉంచినా ఈపాటికి కొత్త వెర్షన్‌కు వెళ్లాల్సిందే. మీకు కావాల్సింది ఐఎస్ఓ, అంటే విండోస్ సెటప్ మొత్తం ఉండే ఒకే పెద్ద ఫైల్. వేగమైన నెట్ ఉన్నచోట తెచ్చుకోండి, దాన్ని తెరిచి సెటప్ నడిపితే ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచుకునే పైకెక్కొచ్చు. అయినా ముందు బ్యాకప్.

సెటప్ మొదట్లో అప్‌డేట్లు కూడా తెచ్చుకోమంటారా అన్నట్టు ఒక తెర వస్తుంది. అక్కడ 'సెటప్ అప్‌డేట్లను డౌన్‌లోడ్ చేసే విధానం మార్చు' అన్న చిన్న లింకు నొక్కి 'ఇప్పుడు వద్దు' ఎంచుకోండి. మర్చిపోయి నెక్స్ట్ కొట్టారో, మళ్లీ మీ లైనును పీలుస్తుంది.

ఎందుకొచ్చినగొడవ | బుధవారం, రాత్రి 10:42

ఐఎస్ఓ దొరికింది, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావట్లేదు. 32 జీబీ పెన్‌డ్రైవ్, మొత్తం ఖాళీ. ఫైల్ చూస్తే 6 జీబీ కూడా లేదు. 'ఫైల్ మరీ పెద్దది' అంటోంది. దీనికి కళ్లు కనబడవా?

బిట్టుబైటు | బుధవారం, రాత్రి 10:50

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. రైట్ క్లిక్, ఫార్మాట్, ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్. లోపల ఏమైనా ఉంటే ముందు వేరే చోట పెట్టుకోండి, ఫార్మాట్‌తో అంతా పోతుంది.

ఎందుకొచ్చినగొడవ | బుధవారం, రాత్రి 11:31

కాపీ అయింది. సెటప్ మొదలైంది. 'ఇప్పుడు వద్దు' నొక్కాను. 12 శాతం.